మూడో ఈల తర్వాత

ఓబుళేసుకు ఈల ఊదడం వచ్చినంత బాగా మాట్లాడటం రాదు. ఇరవై రెండేళ్ళు గుట్టలో మందు పేల్చినవాడికి మాటలతో పనేముంది? మొదటి ఈలకు చేతిలో పని ఆపాలి. రెండో ఈలకు పరుగెత్తాలి. మూడో ఈలకు ఎక్కడివాళ్ళక్కడ తల దాచుకోవాలి. ఆ తర్వాత కాసేపటికే గుట్ట లేచిపడుతుంది. ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఒక చేతిలో పట్టుకుని, రెండో చెయ్యి గిరగిరా తిప్పుతూ "పొండి, పొండి" అని జనాన్ని తరమడం అతని పనిలో సగం. ఆ చెయ్యి తిరిగిందంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా నొప్పి మరిచి లగెత్తేవాళ్ళు. ఇరవై రెండేళ్ళలో అతని చేతి కింద ఒక్క ప్రాణం పోలేదు. అదేదో గొప్ప అని అతను ఏనాడూ అనుకోలేదు. పనంటే అదే కదా అనుకునేవాడు.

పామిడి నుంచి తాడిపత్రి పోయే దోవలో, రోడ్డుకు ఎడమచేతి వైపు సగం కొరికేసిన బెల్లపు అచ్చులాగా కనబడుతుందే, ఆ గుట్ట. కంకర మిషన్లు పగలంతా నములుతూనే ఉంటాయి. దాని కిందనే ఊరు. వానలు మొహం చాటేసి చెనక్కాయ చేలు బీళ్ళయిపోయాక ఊళ్ళో సగం మందికి ఆ గుట్టే దిక్కు. గుట్ట జయరాముడిది.

జయరాముడి తండ్రి కాలంలో ఆ ఇంటివాళ్ళు రాళ్ళు పగలగొట్టేవాళ్ళు కాదు, మనుషుల్ని పగలగొట్టేవాళ్ళు. ఓబుళేసు తండ్రి తిప్పయ్య ఆ ఇంటి బాంబుల బకెట్టు మోసేవాడు. ఒకసారి తాడిపత్రి బస్సును ఆపి బాంబులు వేశారు. చంపాలనుకున్న పగవాళ్ళు ఇద్దరే, పోయినవాళ్ళు ఏడుగురు. అందులో ఒకామె పుట్టింటికి పోతున్న బాలింత. పేపరువాళ్ళు ఫ్యాక్షన్ గొడవ అని నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఆ రోజే ఒక బాంబు చేతిలోనే పేలి తిప్పయ్య కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడమ చేత్తో సంగటి తింటూ కూడా ఆ మహానుభావుడు "ఆయప్ప ఉప్పు తిన్న్యాం" అనేవాడు. జయరాముడి తండ్రి జీపు వస్తే పదేళ్ళపాటు ఊరంతా తలుపులు వేసుకుంది. దానికి ఊళ్ళో పేరు మర్యాద! ఎవరూ ఉగ్రవాదం అనలేదు. అనడానికి నోరెవరికుంది?

పోయిన ఏడు ఎండాకాలంలో ఒకనాడు పన్నెండు గంటలకు గుట్టను చూడటానికి గనుల శాఖ పై ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. అంతలోగా అనుమతి లేకుండా తవ్విన పక్కను కూల్చేసి కంటికి కనబడకుండా చెయ్యాలి. జయరాముడు తానే కారులో వచ్చి దిగాడు.

"మందు రెండింతలు పెట్టు ఓబుళేసూ. పదకొండుకే ముట్టీ. ఈల గీల వద్దు, ఊరోళ్ళు ఫోన్లు పట్టుకోని ఈడియోలు తీస్తాండారు" అన్నాడు.

"ఈల లేకుండా ఎట్లన్నా? రాయి యాడ పడతాదో తెలీదు."

"మీ నాయన మా నాయన్ని ఎప్పుడన్నా ఎట్ల అని అడిగినాడా రా?"

ఛీ, ఓబుళేసు నోరు ఆ ఒక్కసారన్నా పెగిలి ఉంటే ఎంత బాగుండేది! పెగల్లేదు. ముట్టించాడు.

గుమ్మడికాయంత రాయి గుట్ట దాటి, కానుగ చెట్లు దాటి, కాలనీ కొళాయి దగ్గర పడింది. కేకలు విని ఓబుళేసు అందరితోపాటు పరుగెత్తాడు. ఎవరి బిడ్డో, ఎవరి కొంప మునిగిందో అనుకుంటూనే పరుగెత్తాడు. కొళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. పడి ఉన్న పిల్లకు మెడ పైన ఏమీ మిగల్లేదు. పసుప్పచ్చ లంగా వోణీ చూసి నలుగురు ఆడవాళ్ళు ఓబుళేసు మొహం వైపు తిరిగారు. అప్పుడు అర్థమైంది అతనికి. గౌతమి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ముందురోజే ఇంటికొచ్చింది. ఒక్కతే కూతురు.

ప్రమాదవశాత్తు మృతి అని రాశాడు స్టేషన్‌లో ఎస్సై.

"ప్రమాదం కాదు సార్" అన్నాడు ఓబుళేసు. "ఈల వద్దన్న్యాడు ఆయన. ముట్టించింది నేను. ఇద్దరం కలిసి చంపినాం. చంపినారని రాయండి."

ఎస్సై పెన్ను కింద పెట్టి జాలిగా చూశాడు. "ఏమప్పా, నీ మెడకు నువ్వే ఉరి తగిలించుకుంటావా? బిడ్డ పోయిన దుఃఖంలో ఉండావు. ఇంటికి పో."

ఓబుళేసు ఇంటికి పోలేదు. ఎనిమిది నెలలు తిరిగాడు. సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కాడు. అతనికి పరిహారం అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు. ఆ కాగితంలో ఒక్క మాట మారితే చాలు. చంపినారు అని ఉండాలి. తన పేరున్నా సరే, జయరాముడి పేరు కూడా ఉండాలి. "పిచ్చోడు మళ్ళీ వచ్చినాడు" అని బంట్రోతులు నవ్వుకునేవాళ్ళు.

భార్య పుష్పావతి నెల మాసికం దాకా ఆగి కళ్యాణదుర్గంలో పుట్టింటికి పోయింది. పోతూ గడపలో నిలబడి ఒక్క మాటే అడిగింది. "వాడు చెప్పినాడు సరే. నువ్వెందుకు ముట్టించినావు?"

ఇక మిగిలింది హనుమక్క. పెదనాన్న కూతురైనా సొంత అక్క కంటే ఎక్కువ. ఆమె, ఆమె మొగుడు ఆదెప్ప గుట్టలోనే కూలికి పోతారు. గౌతమి పోయిన పదకొండో రోజే ఆదెప్ప మళ్ళీ పనికి పోయాడని ఓబుళేసుకు ఒళ్ళు మండిపోయింది. "మేనకోడలి నెత్తురు ఆరకముందే వాని గుట్టలో ఎట్ల అడుగుపెడతావు బావా?" అని నడివీధిలో నిలదీశాడు. "కడుపు నిండల్ల కదరా" అన్నాడు ఆదెప్ప తల వంచుకుని. ఓబుళేసు అతని కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మాడు. ఆ రోజు నుంచి గుట్టలో పనిచేసే ఎవరితోనూ మాటల్లేవు. ఆదెప్ప ఎదురొచ్చినా తల తిప్పుకునేవాడు.

ఎనిమిదో నెల దాటాక ఓబుళేసు అర్జీలు మానేశాడు. జయరాముడు ఒక్కదినమన్నా భయపడాల అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా మధ్యాహ్నం మందు పేలే ఒంటిగంటకు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఎట్లా వణుకుతుందో, అట్లా వాడూ వణకాలి. అంతే. చంపాలని మాత్రం లేదు. ఈ మాట నేను అతని తరఫున వకాల్తా పుచ్చుకుని చెప్పడం లేదు. చంపాలనుకుంటే జయరాముడి ఇంటికి గేటు కూడా లేదు, గోడలు తట్టుకునేవీ కావు.

గుట్ట మొదట్లో జయరాముడు కొత్తగా కట్టించిన ఆఫీసు గది ఉంది. రాతి గోడలు, పైన సిమెంటు స్లాబు, లోపల లారీలు తూచే మిషను, కంప్యూటర్లు, ఏసీ. దాన్ని లేపెయ్యాలి. రాత్రిపూట వద్దు. రాత్రి ఆ గదిలో వాచ్‌మెన్, డ్రైవర్లు పడుకుంటారు. పన్నెండున్నరకైతే మేనేజరు భోజనానికి తాడిపత్రి పోతాడు, కూలీలు దూరంగా కానుగ చెట్ల కింద క్యారియర్లు విప్పుకుంటారు, గది ఖాళీ. అయినా ఎవడన్నా డ్రైవరు ఆ పక్కకు వస్తే? దానికీ దారి ఉంది. మూడు ఈలలు ఊదాలి. ఈల లేకుండా ఒకసారి ముట్టించి బిడ్డను తిన్నాడు, ఈసారి ఈల లేకుండా ముట్టించడు. ఈల వినగానే కూలీలంతా ఉత్తరం వైపు పెద్దబండ చాటుకు పరుగెత్తుతారు. ఇరవై రెండేళ్ళు తానే తరిమాడు కదా అక్కడికి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు. గౌతమి పోయాక పై ఆఫీసరు జయరాముడికి నోటీసు ఇచ్చాడు, కూలీలు తలదాచుకోవడానికి గట్టి స్లాబు గది ఉండాలని. జయరాముడు వేరే గది కడతాడా? పిసినారి ముండాకొడుకు! ఉన్న ఆఫీసు గదికే ముందువైపు బోర్డు తగిలించి ఫోటో తీసి పంపాడు. పెద్దబండ చాటుకు పోతే ఆ రోజు కూలి కట్ అన్నాడు. ఎనిమిది నెలలుగా ఈల వినబడితే జనం పరుగెత్తేది ఆ గదిలోకే. ఆ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓబుళేసుకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పగలిగిన ఆదెప్పతో మాటల్లేవు. బోర్డు ముందువైపు ఉంది, అతను వెనకవైపు నుంచి వచ్చాడు.

మంగళవారం. ఎండ చురుక్కుమంటోంది. ఓబుళేసు గది వెనక గోడకు పని ముగించుకుని, పైన వాలులోకి ఎక్కి, ముట్టించాడు. గుండె నిబ్బరంగానే ఉంది. ఈల నోట్లో పెట్టుకుని మొదటిది ఊదాడు. కానుగ చెట్ల కింద తలలు లేచాయి. రెండోది ఊదాడు. జనం లేచారు. మూడోది ఊపిరంతా పెట్టి ఊదాడు.

జనం పరుగెత్తారు. ఉత్తరానికి కాదు, గది వైపుకు.

ఓబుళేసుకు ఒక క్షణం కళ్ళు అబద్ధం చెబుతున్నాయనిపించింది. ముందు ఒక డ్రైవరు, వెనక మందు పేల్చేవాడికి సాయంగా కొత్తగా చేరిన గంగాధర్, ఆ వెనక కుంటుకుంటూ ఆదెప్ప. "ఆడికి వద్దు! వద్దు!" అని అరిచాడు. మిషన్ల రొదలో ఎవరికి వినబడుతుంది? రెండు చేతులూ ఎత్తి పిచ్చిపట్టినవాడిలా ఊపాడు. అయ్యో దేవుడా, ఆ చేతులు ఊపడమే కొంప ముంచింది. ఆ చెయ్యి ఊగితే ఇంకా వేగంగా పరుగెత్తాలని ఇరవై రెండేళ్ళుగా నేర్పింది అతనే. వాళ్ళు ఇంకా వేగంగా పరుగెత్తారు. నాగలక్ష్మమ్మ అనే ఆమె అయితే చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని అందరినీ దాటేసి గదిలోకి దూరింది.

ఓబుళేసు వాలు మీద నుంచి దొర్లుకుంటూ దిగాడు. ఇరవై బారల దూరంలో ఉండగా గది పేలింది.

స్లాబు ఒక చాపలాగా పైకి లేచి, రెండుగా విరిగి, లోపలున్నవాళ్ళ మీదే పడింది. రాతి గోడ ముక్కలు చుట్టూ చిమ్మాయి. ఒకటి ఓబుళేసు చెవిని కోసుకుంటూ పోయింది. దుమ్ము కాస్త తేటపడ్డాక చూస్తే, గుమ్మం ఉన్నచోట ఒక చెయ్యి గాజులతో సహా పడి ఉంది, వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. డ్రైవరు వీరేష్ నడుము దాకా బయట ఉన్నాడు, నడుము కింద స్లాబు ఉంది. అతను అరవడం లేదు, నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, ప్రతిసారీ నెత్తురు వస్తోంది. ఇంకా గదిలోకి చేరుకోనివాళ్ళు బతికిపోయారు. లోపలికి పోయిన నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. ఓబుళేసు గోళ్ళు ఊడిపోయేదాకా ఆ రాళ్ళు తవ్వాడు. ఆదెప్ప దొరికాడు. మొహం బాగానే ఉంది. ఛాతీ చదునుగా ఉంది. ఓబుళేసు ఆ తలను ఒళ్ళో పెట్టుకుని, పోలీసులు వచ్చి రెక్కలు విరిచి కట్టేదాకా లేవలేదు.

టీవీల్లో ఆ సాయంత్రమే మొదలైంది. అనంతపురంలో ఉగ్రదాడి! జయరాముడు ఏడుస్తూ మైకుల ముందు నిలబడ్డాడు. విజయవాడ నుంచి పెద్ద ఆఫీసర్లు దిగారు. మూడు రోజులు నిద్రపోనివ్వకుండా ఓబుళేసును ప్రశ్నించారు. కొట్టారు కూడా. అరికాళ్ళు పగిలేదాకా కొట్టారు.

"ఏ సంస్థ నీది? నీ వెనక ఎవరున్నారు?"

"నా వెనక ఎవరూ ల్యారు సార్. పెండ్లాం కూడా ల్యాదు."

ఇంట్లో దొరికిన ఎర్రగుడ్డ కర్రను బల్ల మీద పెట్టారు. "ఇది ఏ పార్టీ జెండా?"

"మందు పేల్చేటప్పుడు పట్టుకుంటాం సార్. జనం దగ్గరికి రాకుండా."

ఒక ఆఫీసరు నమ్మలేదు, ఇంకో దెబ్బ వేశాడు. ఇంకొకాయన, కాస్త వయసు మళ్ళినవాడు, ఎదురుగా కుర్చీ వేసుకుని నెమ్మదిగా చెప్పాడు. "చూడు, చంపితే హత్య. జనంలో భయం పుట్టించడానికి చేస్తే ఉగ్రవాదం. నువ్వు భయపెట్టాలని చేశావా, లేదా? అదొక్కటి చెప్పు."

ఓబుళేసు పగిలిన పెదవులు తడుపుకున్నాడు. "జయరాముడు భయపడాల అనుకుంటి సార్. అది నిజం. మా ఊరు ఇరవై రెండేండ్లుగా దినామూ మద్దేనం ఒంటిగంటకు భయపడతానే ఉండాది. మా నాయన మోసిన బకెట్టుకు పదేండ్లు భయపడినారు. దానికి పేరేంది సార్? ఆ పేరు చెప్తే నాదానికీ అదే పెట్టుకోండి."

ఆ పెద్దాయన ఫైలు మూశాడు. ఉగ్రవాద చట్టం కింద కేసు కట్టారు.

ఓబుళేసు తరఫున వాదించడానికి సర్కారు పెట్టిన లాయరు కృపాకుమారికి చురుకైన బుర్ర. కాగితాలన్నీ చదివి జైలుకొచ్చింది.

"మూడు ఈలలు ఊదినారు కదా, అదే మన బలం" అంది. "చంపే ఉద్దేశం ఉన్నోడు ఈల ఊదడు. భయపెట్టాలనుకున్నానని ఇంకెక్కడా అనొద్దు. ఖాళీ గదిని కూల్చాలనుకున్నా, మనుషులు పోవడం ప్రమాదం అనండి. ఉగ్రవాదం సెక్షను ఎగిరిపోతుంది. కొన్నేళ్ళలో బయటికొస్తారు. ఈలలు విన్న సాక్షి కూడా ఉంది. మీ అక్క."

హనుమక్క మరుసటి వారం ములాఖత్‌కు వచ్చింది. జాలీకి అవతల నిలబడింది. నుదుట బొట్టు లేదు. ఓబుళేసు జాలీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

"నీ ఈల గుర్తుపట్టినాడు మీ బావ" అంది. "ఆ లాగుడు నీకు తప్ప ఎవరికీ రాదు గదా. 'మన ఓబుళేసు మళ్ళీ పనికొచ్చినాడే, ఇంక మాట్లాడతాడులే' అని నవ్వుకుంటా లేసినాడు. మోకాలు పట్టుకోని కుంటుతాంటే జల్దీ పో అని నేనే ముందుకు నూకినా. సంగటి కుక్కలు తింటాయని క్యారియరు కోసం నేను ఎనక్కి తిరిగినా. అందుకే బతికినా."

"అక్కా..."

"లాయరమ్మ చెప్పింది. ఈలలు విన్న్యానని కోర్టులో చెప్తా. నిజమే కాబట్టి చెప్తా." ఆమె జాలీకి మొహం దగ్గరగా పెట్టింది. "నన్నొకటి చెప్పమంటిరి, నువ్వొకటి చెప్పు. మీ బావది ప్రమాదమా?"

ఎనిమిది నెలలు ఓబుళేసు కనబడినవాళ్ళనల్లా అడిగిన ప్రశ్న అది. టైమయిందని కానిస్టేబులు గద్దించేదాకా ఆమె అట్లాగే చూస్తూ నిలబడింది.

అనంతపురం కోర్టులో అభియోగాలు చదివే రోజు హాలు నిండిపోయింది. ముందు వరుసలో జయరాముడు తెల్లబట్టల్లో కూర్చున్నాడు. అతని పక్కన ఇద్దరు గన్‌మెన్లు, సర్కారు ఇచ్చినవాళ్ళు. వెనక గోడ దగ్గర హనుమక్క. బెంచి క్లర్కు గొంతు సవరించుకుని చదివాడు. ప్రజల్లో భయోత్పాతం సృష్టించే ఉద్దేశంతో పేలుడు జరిపి ఆదెప్ప, నాగలక్ష్మమ్మ, గంగాధర్, వీరేష్ అనే నలుగురి మరణానికి కారకుడైనాడని.

"నేరం ఒప్పుకుంటావా?" అని అడిగారు జడ్జిగారు.

కృపాకుమారి కళ్ళతోనే వద్దని సైగ చేసింది. ఓబుళేసు ఆమె వైపు చూడలేదు.

"ఉగ్రవాదమంటే నాకు తెలీదు సార్. చంపినా. అది ఒప్పుకుంటా."

"చంపే ఉద్దేశం ఉందా?"

"ల్యాదు సార్. ఉద్దేశం ల్యాకపోతే చచ్చిపోయినోళ్ళు లేచొస్తారా? ముట్టించింది నేను. ప్రమాదమని రాయొద్దు. చంపినాడని రాయండి." అతను ముందు వరుస వైపు తిరిగాడు. "ఆ కాగితంలో ఇంకో పేరుండాల సార్. అదీ నేను ముట్టించిందే. ముట్టించమన్నోడు ఈడనే కూర్చోనుండాడు."

"ఎవరి పేరు?"

ఓబుళేసు చెప్పబోయాడు. పాడు నోరు, ఆ రోజు జయరాముడి ముందు పడిపోయినట్టే మళ్ళీ పడిపోయింది. బోను కమ్మీ పట్టుకుని ఊగిపోయాడు తప్ప బిడ్డ పేరులో ఒక్క అక్షరం పలకలేకపోయాడు.

"గౌతమి, సార్!"

హాలంతా వెనక్కి తిరిగింది. హనుమక్క గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకొచ్చి నిలబడింది. అతను చంపినవాడి పెళ్ళాం.

"గౌతమి. మా తమ్ముని కూతురు. పద్దెనిమిదేండ్లు. నలుగురు కాదు సార్, ఐదు మంది. రాసుకోండి."

"ఆ పేరు ఈ కేసులో లేదమ్మా" అన్నారు జడ్జిగారు. "అది వేరే ఫైలు, మూసేసినారు. కూర్చోండి."

హనుమక్క కూర్చోలేదు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. జయరాముడు వాచీ చూసుకున్నాడు. ఆమెను బయటికి లాక్కుపోతుంటే గుమ్మం దాటేదాకా, వరండాలో కూడా, ఆ ఒక్క పేరే అరుస్తూ పోయింది. బెంచి క్లర్కు కాగితం ముందుకు జరిపాడు. నలుగురి పేర్ల కింద ఓబుళేసు సంతకం పెట్టాడు.